గుమ్మం ముందు అయిదు నిమిషాలు

మొన్న మా అక్క అంత్యక్రియల్లో కొత్త పాదిరి ఆమెను శాంతమూర్తి అన్నాడు. ఎవరినీ ఒక్క మాట అనని మనిషి అన్నాడు. ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అక్కను ఆస్పత్రి మంచం మీద, నోట్లో గొట్టాలతో తప్ప చూడలేదు. నేను లేవబోయాను. నా కూతురు మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అక్క పేరు లిబెరాటా కొలాంజెలో. ఈస్ట్ హార్లెంలో మా వీధి మొత్తానికి లిబ్బి. నలభై ఏళ్ళు గౌన్ల కంపెనీల్లో కాలర్లు కుట్టింది. ఆమె వస్తోందంటే చేపల కొట్టువాడు నిన్నటి సరుకును మంచు కిందికి తోసేసేవాడు. రొట్టె సగం తిన్నాక పచ్చిగా ఉందని తెలిస్తే ఆ మిగిలిన సగాన్ని తీసుకెళ్ళి బేకరీవాడి గల్లా మీద పెట్టి, వాడు నమిలి మింగేదాకా అక్కడే నిలబడేది. శాంతమూర్తి! ఆమెకు కోపం ఉండేది. దాన్ని బయట వదిలేసి పెట్టె మూత వేయడం నాకు సమ్మతం కాదు. అందుకే రాస్తున్నాను.

మా డొనాటో అన్నయ్య 1944లో ఆంజియో దగ్గర చనిపోయాడు. నాన్న పొట్ట చేతబట్టుకుని వదిలి వచ్చిన దేశానికే అమెరికా సిపాయిగా వెళ్ళి, ఆ మట్టిలోనే పడిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. అప్పటికి నాన్న లేడు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం ఉత్తరం రాసింది: మీవాణ్ణి అక్కడే ఉంచమంటారా, ఇంటికి పంపమంటారా అని. అక్క చదివి వినిపించింది. అమ్మ చేతిలోని చిక్కుడుకాయ కూడా కింద పెట్టకుండా, "అడగడానికి సిగ్గు లేదా వాళ్ళకి? పంపమను," అంది.

పంపడానికి 1948 మే నెల దాకా పట్టింది.

అమ్మ ఊరి పద్ధతి ఒకటుంది. శవం ఊళ్ళోకి వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మట్టి ఇచ్చేదాకా తల్లి గడప దాటకూడదు. చర్చికి వెళ్ళదు, శ్మశానానికి వెళ్ళదు. అందుకని శవాన్ని తీసుకెళ్ళే నల్లకారే ఆమె దగ్గరికి రావాలి. చర్చికి పోయే దారిలో ఇంటి గుమ్మం ముందు ఆగాలి, ఇంజను ఆపాలి, వెనక తలుపు ఇంటివైపు తెరవాలి. తల్లి కిటికీలోంచి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తుంది. ఆ తర్వాత తలుపు మూస్తారు. అంతే, తల్లికి దక్కేది అదే. ఆ పిలుపు వినకుండా వెళ్ళినవాడు దారి తెలియక తిరుగుతూనే ఉంటాడని అమ్మ నమ్మకం. నాలుగేళ్ళుగా ఆ పిలుపు ఆమె గొంతులోనే ఉండిపోయింది.

సరిగ్గా ఆ వసంతంలోనే సినిమావాళ్ళు మా వీధికి వచ్చారు.

యుద్ధం తర్వాత వాళ్ళకు రంగులేసిన అట్టగోడలు మొహం మొత్తాయట. నిజం వీధులు కావాలి, నిజం మనుషులు కావాలి. మాది బాగా నిజంగా ఉందని ఎవరో చెప్పినట్టున్నారు. మూడు వారాలు ఉన్నారు. మొదట్లో మాకూ సరదాగానే ఉండేది. రానురాను తెలిసింది ఏమిటంటే, మా వీధి వాళ్ళనుకున్నంత నిజంగా లేదు. మా ముసలాళ్ళు కొత్త టోపీలు పెట్టుకుని వస్తే తీయించారు. ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు సరిపోవని వాళ్ళే చిరుగు బట్టలు తెచ్చి తీగల మీద వేశారు. ఒక ఉదయం అక్క మా ఇంటి ముందు మెట్లు కడిగి బకెట్టు లోపల పెట్టి వచ్చేసరికి రెండు డబ్బాల చెత్త వాటి మీద పరిచి ఉంది. పక్కన టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకున్న ఒక కుర్రమొహం మనిషి. పేరు ప్రూయిట్. డైరెక్టరు కింద పనిచేసేవాడు.

"ఏమయ్యా, ఈ చెత్త ఎవరిది?"

"మాదేనమ్మాయ్, షూటింగుది."

"మా ఊళ్ళో చెత్త దొరకదనుకున్నావా? కాలిఫోర్నియా నుంచి మోసుకొచ్చావా?"

"లేదులే, పక్కవీధిదే."

"అయితే పక్కవీధి మెట్ల మీదే వేసుకో. ఇవి ఇప్పుడే కడిగాను."

"అదే కదా గొడవ," అన్నాడు ప్రూయిట్, నవ్వుతూ. "మరీ తెల్లగా ఉన్నాయి."

అక్క ఆ చెత్తను చేట్లోకి ఎత్తి వాళ్ళ కెమెరా పెట్టెల మీద గుమ్మరించింది. వాళ్ళు ఆ పూట వేరే ఇంటి మెట్లు చూసుకున్నారు.

అన్నయ్యను బుధవారం సాయంత్రం రైల్లో తెచ్చారు. పెట్టె ఇనుప పెట్టె, మా మెట్ల మలుపులో తిరగదు. అంత్యక్రియలు జరిపించే తంబూరోగారు తన దగ్గరే ఉంచుకున్నారు. మా వీధిలో సగం మందిని ఆయనే సాగనంపారు, ఆ మీసాలు చూస్తేనే ఏడుపు వచ్చేది. పెట్టె మీద జెండా కప్పి ఉంది. అమ్మ ఆ మాట విని లోపలికి వెళ్ళి, అన్నయ్య పెళ్ళికని కుట్టి ఉంచిన తెల్ల దుప్పటి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అంచులంతా ద్రాక్షతీగలు. పదకొండేళ్ళు కుట్టింది దాన్ని.

"జెండా అందరికీ ఇస్తారు. ఇది వాడిది. పైన వెయ్యి," అంది.

అక్క పైన వేసింది. ఆ ద్రాక్షతీగల కింద జెండా దాగిపోయింది. కొడుకు పెళ్ళి దుప్పటిని ప్రభుత్వం జెండా మీద కప్పడం మావాళ్ళు మాత్రమే చేసే పని. ఇంకెవరూ చెయ్యరు.

గురువారం పదింటికి పూజ. తొమ్మిదిన్నరకు నల్లకారు మా వీధి మొదట్లోకి వచ్చింది. వెనక నేను, అక్క, చుట్టాలు నలుగురు నడుస్తున్నాం. రైల్లో పెట్టె వెంట వచ్చిన సిపాయి చర్చి దగ్గర ఎదురుచూస్తున్నాడు. వీధికి అడ్డంగా కొయ్యలు పెట్టి ఉన్నాయి. ప్రూయిట్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"లేదు లేదు, ఇవాళ ఇటు లేదు. మాకు అనుమతి ఉంది, సంతకాలు ముద్రలు అన్నీ ఉన్నాయి. అటు చుట్టూ తిరిగి వెళ్ళండి."

"చర్చికి దారి నాకు తెలుసు," అంది అక్క. "దారి కోసం కాదు. మా ఇంటి ముందు ఆగాలి."

"రెండింటికి రండి. ఈ ఎండ పదకొండున్నరకు పోతుంది. పోతే మాకు రేపటిదాకా రాదు."

"నా తమ్ముడు నాలుగేళ్ళ తర్వాత వచ్చాడు. నీకు ఎండ కావాలా?"

"చూడమ్మాయ్, నీ బాధ నాకు అర్థం..."

"అర్థం కాలేదు. అర్థమైతే కొయ్య తీసేవాడివి."

తంబూరోగారు టోపీ చేతిలో పట్టుకుని, "లిబ్బీ, చిన్నగా మాట్లాడమ్మా, వాడు వింటున్నాడు," అన్నారు, కారు వైపు చూపిస్తూ. పైన మూడో అంతస్తు కిటికీలో అమ్మ నల్లబట్టల్లో నిలబడి ఉంది. కారు కనిపిస్తోంది ఆమెకు. రావడం లేదు.

ప్రూయిట్ వెళ్ళి కుర్చీలో కూర్చున్న డైరెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మావైపు చూశాడు. కారును చూశాడు, కిటికీని చూశాడు. తర్వాత చాలాసేపు ఆకాశాన్ని చూశాడు. ప్రూయిట్ తిరిగి వచ్చేసరికి మొహమే మారిపోయింది.

"అయిదు నిమిషాలు ఇస్తారట. మంచి మనసు ఆయనది. ఇక్కడ చిన్న సంతకం పెట్టు, చాలు."

"ఏమిటిది?"

"ఏమీ లేదు, మీరు లోపలికి వచ్చి వెళ్ళినట్టు. ఏ తీగో తగిలి ఎవరైనా పడితే మా మీదికి రాకుండా."

అక్కకు ఇంగ్లీషు బాగా వచ్చు. మా వీధిలో ప్రభుత్వం ఉత్తరాలన్నీ ఆమే చదివేది. ఆ కాగితం మాత్రం చదవలేదు. తొమ్మిదీ నలభై అయింది, అమ్మ కిటికీ చట్రం పట్టుకుని ముందుకు వంగింది. నల్లకారు ముందు రేకు మీద కాగితం పెట్టి, వేడికి చెయ్యి కాలుతుంటే, పూర్తి పేరు రాసింది. కొయ్యలు తీశారు.

కారు గుమ్మం ముందుకు వచ్చింది. "కొంచెం ముందుకు, రెండడుగులు. అక్కడ నీడ పడుతోంది," అన్నాడు ప్రూయిట్. తంబూరోగారు మంచివారు, ముందుకు జరిపించారు. ఇంజను ఆపారు. వెనక తలుపు తెరిచారు. ద్రాక్షతీగల దుప్పటి మీద ఎండ పడింది.

వీధిలో పిట్ట కూడా కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక చప్పుడు వినిపించింది. గుడ్డ లేకుండా కుట్టుమిషను తిరుగుతున్నట్టు. ఎదురుగా చాకలి కంపెనీ బండి ఒకటి ఆగి ఉంది, దాని కిటికీకి నల్ల తెర. చప్పుడు అక్కడి నుంచే. నేను ఆ తెరనే చూస్తూ నిలబడ్డాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ సంగతి ఇవాళ మొదటిసారి రాస్తున్నాను.

అమ్మ పిలిచింది. "డొనాటో!" రెండోసారి పిలిచింది. మూడోసారికి గొంతు పగిలి, పేరు సగంలో ఆగి, శాలువాతో మొహం కప్పుకుంది. శాలువా తీసేసరికి తలుపు మూసేశారు. అయిదు నిమిషాలు కాలేదు. నాలుగే.

ఆ రాత్రి అమ్మ ఒక్కటే మాట అంది: "నేను వాణ్ణి సరిగ్గా చూడలేదే. కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చాయి."

తర్వాతి జనవరిలో ఆ సినిమా థర్డ్ అవెన్యూ హాలుకు వచ్చింది. చేపల కొట్టావిడ మెట్ల మీద అమ్మకు ఎదురుపడి, "సినిమాలో మీవాడు కనిపించాడమ్మా, దుప్పటితో సహా!" అనేసింది. అమ్మ ఆ మధ్యాహ్నమే బయలుదేరింది. మేమిద్దరం వెంట వెళ్ళాం. హాల్లో సగం మా వీధే. తెర మీద మా వీధి కనిపించగానే, "అదిగో నా కొట్టు!" అని ఒకరు, "ఒరేయ్, నీ బొజ్జ చూడరా!" అని ఒకరు.

గంట తర్వాత నల్లకారు వచ్చింది. మా మెట్లు, వాటి మీద చెత్త. ఎలాగో పరవనే పరిచారు, మేము లేని పూట. కారు వెనక తలుపు తెరుచుకుంది. పెట్టె, దుప్పటి, ద్రాక్షతీగలు, తెరంత పెద్దగా. తర్వాత అమ్మ మొహం. నోరు తెరిచి పిలుస్తోంది, గొంతు మాత్రం తీసేశారు. దాని మీద ఒక పోలీసు గొంతు, తాపీగా చెబుతోంది: "సాల్ మారా కథ ఇలా ముగిసింది. దోచుకున్న వీధిలోంచే ఆఖరిసారి వెళ్ళాడు. వాడి కోసం ఏడ్చింది ఒక్క మనిషి. కొడుకు ఏం చేసేవాడో ఆమెకు తెలియదు."

హాలు మొత్తం నోరు మూసుకుంది. బొజ్జ గురించి అరిచినవాడు కూడా.

అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమె అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమంటున్నాడే ఆయన? మనవాడి గురించే కదా?"

అక్క తెర వైపే చూస్తోంది. "అవునమ్మా. మంచి కొడుకు అంటున్నాడు. యుద్ధంలో పోయాడు, వీధి వీధంతా ఏడ్చింది అంటున్నాడు."

"ఎంత మర్యాదగా చెబుతున్నాడో!" అంది అమ్మ.

బయటికి వచ్చాక అక్క మా వీధివాళ్ళను హాలు మెట్ల మీద ఆపింది. "అమ్మతో ఎవడైనా నిజం చెప్పాడా, వాడి నాలుక నా కత్తెరతో కత్తిరిస్తాను. కాలర్లు కత్తిరించే కత్తెర, తెలుసుగా." ఎవరూ చెప్పలేదు. కొంత భయం, కొంత జాలి.

మర్నాడు అమ్మ మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా. టికెట్టు కొని, మూడో వరసలో కూర్చుని, పక్కన ఎవరుంటే వాళ్ళను మోచేత్తో పొడిచి, "నా కొడుకు," అని చూపించేది. ఆ రోజు శాలువా చాటున పోయిన చూపును ఇప్పుడు రోజుకు ఒక నిమిషం చొప్పున తీర్చుకుంటోంది.

అక్క సినిమా కంపెనీకి ఉత్తరం రాసింది. జవాబుతో పాటు ఒక కాగితం నకలు వచ్చింది. ఆ రోజు ఆ ఇంటి ముందు ఉన్న మనుషులు, వాహనాలు, జరిగిన పనులు అన్నిటినీ చిత్రంలో ఏ విధంగానైనా వాడుకోవచ్చునని. కింద ఆమె సంతకం, వేడి రేకు మీద వంకర పోయిన అక్షరాలతో. అక్క దాన్ని చదివి, వంటింటి బల్ల మీద కుడిచెయ్యి పెట్టి, ఎడమచేతి పిడికిలితో ఆ చేతి మీద గుద్దింది. ఒకసారి కాదు. నేను పట్టుకున్నాను.

"వదులు! నేనే అమ్మాను వాణ్ణి. అయిదు నిమిషాలకు అమ్మాను."

"నువ్వు చదివి ఉంటే కారు ఆగేది కాదు అక్కా."

"ఆగకపోతే ఏం? తమ్ముడు దారి తప్పేవాడు. అంతే కదా? ఇప్పుడు దొంగైపోయాడు!"

మర్నాడు ఆమె పని మానేసి హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళింది. నన్నూ లాక్కెళ్ళింది. ఆయన పేరు జెల్నిక్. కడుపులో పుండు ఉన్న మనిషి, ఎప్పుడూ పాల గ్లాసు చేతిలో ఉండేది. అక్క చెప్పింది మొత్తం విన్నాడు. పాలు పక్కన పెట్టాడు.

"అమ్మా, నా తమ్ముడి కొడుకు కూడా యుద్ధంలో పోయాడు. సినిమా ఆపలేను. కానీ ఫిల్ము చుట్టలు తెగుతూ ఉంటాయి, మా మిషను పాతది. ఆ నిమిషం దగ్గర తెగిందనుకో, కత్తిరించి అతికిస్తాం. కనిపెట్టేవాడు ఎవడు? ఇప్పుడే చెబుతాను పైన మిషను తిప్పేవాడికి."

అక్క వెళ్ళి హాలు తలుపు కొంచెం తోసి లోపలికి చూసింది. నేనూ చూశాను. మూడో వరసలో అమ్మ. ఇంకా ఆ భాగం రాలేదు. రుమాలు అప్పుడే ఒళ్ళో మడత పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఈసారి ఏదీ అడ్డం రాకూడదని.

అక్క తలుపు వదిలేసింది.

"కత్తిరించకండి."

"ఏమిటి? ఇప్పుడేగా..."

"కత్తిరించవద్దన్నాను. మా అమ్మ చూడాలి."

"మరి నన్నేం చేయమంటావు తల్లీ?"

"ఏమీ వద్దు. నేను ఇక్కడ టికెట్ల కిటికీ పక్కన నిలబడతాను. వచ్చేవాళ్ళతో మాట్లాడతాను. నన్ను పొమ్మనకూడదు."

జెల్నిక్ పాల గ్లాసు మళ్ళీ తీసుకున్నాడు. "అద్దం పగలగొట్టవు కదా?" అన్నాడు.

"ఇవాళ కాదు."

రోజుకు నాలుగు ఆటలు. జనవరి గాలి ఆ అవెన్యూ మీద, పైన రైలు పట్టాల కింద, కత్తిలా వచ్చేది. నాన్న పాత కోటు వేసుకుని నిలబడేది అక్క. టికెట్టు కొన్న ప్రతి మనిషినీ ఆపి చెప్పేది. "గంట తర్వాత ఒక శవపేటిక వస్తుంది. దుప్పటి కప్పి ఉంటుంది. ఆ దుప్పటి కింద జెండా ఉంది. అందులో ఉన్నది నా తమ్ముడు డొనాటో కొలాంజెలో. పదాతిదళం. ఏమీ దొంగిలించలేదు."

"అయితే నా డబ్బులు వాపసు ఇస్తావా?" అని ఒకడు.

"నీ డబ్బులు నాకెందుకు? తెలుసుకుని చూడు."

"కథ ముందే చెప్పేశావు కదమ్మా!" అని ఇంకొకావిడ.

"కథ నాకు తెలీదు. ఈ ఒక్క ముక్కే తెలుసు."

కొందరు నవ్వారు. కొందరు పిచ్చిదనుకుని చుట్టూ తిరిగి వెళ్ళారు. ఒక ముసలాయన లోపలికి వెళ్ళి, సగంలో బయటికి వచ్చి, ఆమె ముందు టోపీ తీసి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. గౌన్ల కంపెనీ ఫోర్మన్ మూడో రోజు మనిషిని పంపాడు, రేపు రాకపోతే ఇక రానక్కర్లేదని. అక్క ఆ మనిషికి కూడా అన్నయ్య పేరు చెప్పి పంపింది. ఉద్యోగం పోయింది. నా జీతంతో తిన్నాం. అమ్మ మాత్రం ప్రతిరోజూ బయటికి వస్తూ, "ఇక్కడేం చేస్తున్నావే చలిలో?" అనేది. "టికెట్లు చింపుతున్నానమ్మా, పని దొరికింది," అనేది అక్క.

పద్నాలుగు రోజుల తర్వాత ఆ సినిమా మా హాలు నుంచి పోయింది. అమ్మ ఒక పూట బాధపడి, ఇక ఆ మాట ఎత్తలేదు. చూడవలసింది చూసేసింది. అక్క మాత్రం పేపరు తెచ్చి, బల్ల మీద పరిచి, వేలు పెట్టి వెతికింది. బ్రాంక్స్‌లో ఒక హాలు. నది అవతల, మమ్మల్ని ఎరిగినవాడు ఒక్కడూ లేని చోటు.

"అక్కడ నిన్నెవరు పట్టించుకుంటారక్కా? అక్కడివాళ్ళకు మనవాడు ఎవరో కూడా తెలీదు," అన్నాను.

"అందుకే," అంది, కోటు తొడుక్కుంటూ.

ఆదివారం కావడంతో నేనూ వెళ్ళాను. హాలు పెద్దది, వరస వీధి మలుపు దాకా ఉంది. అక్క వరస మొదటి నుంచి మొదలుపెట్టింది. నాలుగో వాడు లావుపాటి ఐరిష్ మనిషి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఓపికగా విన్నాడు.

"పాపం," అన్నాడు. "అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావమ్మా?"

"వాడి పేరు చెప్పు."

"ఏమిటీ?"

"ఇప్పుడే చెప్పానుగా నీకు. చెప్పు."

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. వరస వెనక నుంచి ఎవరో కదలమని అరిచారు. అక్క కదల్లేదు, ఆయనకు దారి ఇవ్వలేదు.

"డొనాటో," అన్నాడు చివరికి, "కొలాంజెలో."

"లోపల ఇంకో పేరు చెబుతారు," అంది అక్క, పక్కకు జరుగుతూ. "నమ్మకు."